ఇట్టే తట్టే సంగతి

మార్చి 2, ఆదివారం

రోగుల సంఘం వకీలమ్మాయి పేటెంటు నకలు పంపింది. నలభై పేజీలు. నలభై పేజీలూ కలిపి పిండితే కారేది ఇంతే: ఊపిరితిత్తుల జబ్బు క్రిమిని పస్తులుంచు, పస్తులకి అది నిద్రలోకి జారుకుంటుంది. నిద్రలో ఉండగా మందు వెయ్యి. తర్వాత మందు కడిగేసి తిండి పెట్టు. లేచి కూర్చుందా, ఆ మందు దండగ. లేవలేదా, మనకు కావలసిన మందు అదే.

దీని మీద ఇరవై ఏళ్ల గుత్తహక్కు! రేపు ముక్కుతో ఊపిరి పీల్చే పద్ధతికీ దరఖాస్తు పెడతారు. నోటితో పీల్చేవాళ్ల దగ్గర అద్దె వసూలు చేస్తారు.

ఈ కంపెనీవాళ్లు కనిపెట్టింది మందు కాదు. మందుల్ని పట్టే జల్లెడ. పోనీ ఆ జల్లెడతో ఏమన్నా పడుతున్నారా అంటే, అదీ లేదు. ఊపిరితిత్తుల జబ్బు పేదవాళ్ల జబ్బు, అందులో లాభం లేదు, అందుకని జల్లెడని అటకెక్కించి కూర్చున్నారు. నేను ఇదివరకు పనిచేసిన సర్కారు ల్యాబు అదే పద్ధతిలో పన్నెండు వేల మందుల్ని పట్టడం మొదలుపెట్టగానే మాత్రం నోటీసు వచ్చింది. ఆపండి, లేదా మేమడిగింది కట్టండి. తాను తినడు, ఇంకొకణ్ణి తిననివ్వడు. ఈ సామెత పుట్టినప్పుడు కార్పొరేషన్లు లేవు కాబట్టి పాపం గడ్డివాములో కుక్క మీదకి నెట్టారు.

రోగుల సంఘం అభ్యంతరం వేసింది. చట్టం చెప్పేది ఒక్క ముక్క: ఆ పనిలో మామూలు నేర్పు ఉన్నవాడికి ఇట్టే తట్టే సంగతైతే పేటెంటు చెల్లదు. ఇట్టే తట్టేదే అని ప్రమాణం చేసి చెప్పే సాక్షి కావాలి. ఆ క్రిమిని పదకొండేళ్లు గాజు పళ్లాల్లో పెంచినదాన్ని. నాకంటే సాక్షి ఎవరు?

చదవగానే అనుకున్నాను, ఇదెవరికి తట్టదని.

మార్చి 4, మంగళవారం

లైబ్రరీలో, ఒకప్పుడు చదివిన పాత పరిశోధన వ్యాసాలు రెండు మళ్లీ దొరికాయి. ఒకదాంట్లో ఈ క్రిమినే పస్తులుంచారు, ఎన్నాళ్లు బతుకుతుందో చూడటానికి. ఇంకోదాంట్లో వేరే క్రిమి మీద మందు వేసి, కడిగి, చూశారు. రెండూ పేటెంటుకి పందొమ్మిదేళ్ల ముందువి. ఒక అరలో పిండి ఉంది, పక్క అరలో పొయ్యి ఉంది. రొట్టె కాల్చుకోవచ్చని ఇట్టే తట్టదా?

ఈ మాట ఇంట్లో అంటే మాస్టారు నవ్వాడు. మాస్టారంటే నా మొగుడే. లెక్కల మాస్టారు. బళ్లో పిల్లలు పిలిచినట్టే ముప్ఫై ఏళ్లుగా నేనూ పిలుస్తున్నాను. అతను నన్ను అగ్గిపుల్లా అంటాడు. ఒకరికొకరం బాకీ లేం.

ముందు గదిలోంచి ఆడపడుచు దగ్గు. మాస్టారు చెల్లెలు. బస్సు కండక్టరు. ఎనిమిదేళ్లలో ఇది మూడోసారి తిరగబెట్టడం. మందు మింగినన్నాళ్లూ నిక్షేపంగా ఉంటుంది. కోర్సు పూర్తయి, బరువు పెరిగి, డ్యూటీ ఎక్కుతుంది. మళ్లీ ఓ రోజు తువ్వాలులో ఎర్రటి మరక. మెలకువగా ఉన్న క్రిముల్నే ఈ మందులు చంపుతాయి. నిద్రపోయేవి చావవు. అదీ తిరగబెట్టడంలోని రహస్యం. ఈసారి డ్యూటీలోకి తీసుకునేది లేదని డిపో మేనేజరు ముఖం మీదే చెప్పాడట.

మార్చి 5, బుధవారం

ఇట్టే తట్టేది. ఇందులో ఆలోచించడానికేముంది?

మార్చి 8, శనివారం

దెబ్బ తగిలింది కంపెనీకి. వకీలమ్మాయి ఎగిరి గంతేసింది.

నా ఆలోచనే. మా ల్యాబులో బెంచీ దగ్గర పనిచేసి, చాలా కాలం కిందటే ఈ రంగం వదిలేసినవాళ్లు ముగ్గురికి ఫోన్ చేశాను. ఒకడు రంగుల ఫ్యాక్టరీలో ఉన్నాడు, ఒకామె బళ్లో సైన్సు టీచరు, ఒకాయన కూతురి బట్టల కొట్లో కూర్చుంటున్నాడు. పేటెంటు ఊసే తెలియనివాళ్లు. చట్టం చెప్పే మామూలు నేర్పరి అంటే వీళ్లే. ముగ్గురికీ ఒకటే ప్రశ్న వేశాను: "నిద్రపోతున్న క్రిమిని ఏ మందు మళ్లీ లేవకుండా చేస్తుందో కనిపెట్టాలంటే ఏం చేస్తారు?"

రంగులాయన ఫోన్లో టీ చప్పరిస్తూనే చెప్పాడు. "ఏముందండీ, నిద్రపుచ్చి, మందేసి, లేపి చూడ్డమే కదా." టీచరమ్మ అర నిమిషం తీసుకుంది. బట్టల కొట్టాయన "ఇది కూడా అడగాలా?" అని కసిరాడు.

ముగ్గురికి ముగ్గురూ! అఫిడవిట్లో తొమ్మిదో పేరాగా పెట్టాను. వకీలమ్మాయి అంది కదా, "మేడం, మిగతా పేరాలన్నీ ఎముకలు. ఇది వెన్నెముక."

మార్చి 9, ఆదివారం

రాయకుండా ఉండలేను, రాస్తే మళ్లీ ఒళ్లు మండుతుంది.

అచ్చుతప్పులు చూడమని అఫిడవిట్ మాస్టారు చేతికిచ్చాను. అంతవరకే అతని పని. తొమ్మిదో పేరా దగ్గర పెన్సిలు ఆగింది.

"అగ్గిపుల్లా, లెక్క నువ్వే చేసేసి జవాబు కింద గీత గియ్యమన్నావు వాళ్లని."

"అంటే?"

"నిద్రపోతున్న క్రిమి అని నువ్వే చెప్పావు. మళ్లీ లేవకుండా అనీ నువ్వే చెప్పావు. ఇంక వాళ్లకి మిగిలిందేమిటి? పరీక్ష పేపరు ఇలా తీస్తే నన్ను సస్పెండ్ చేస్తారు."

కొట్లాడాను. మామూలుగా కాదు. ఎవరి పక్షం నువ్వు అన్నాను. నీ చెల్లెలి ఊపిరితిత్తుల మీద వాళ్లు కాపలా కుక్కని కట్టేస్తే నువ్వు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంటావా అన్నాను. చేతులకి మట్టంటకుండా బతికే మేధావుల సంగతి పేపర్లకి పంపే వ్యాసాల్లో రాస్తుంటానే, ఆ వ్యాసాలన్నీ వరసగా చదివి వినిపించినంత పని చేశాను.

అతను మాత్రం పదవినోదం పేజీ మడిచి, కింద ఉన్న జవాబుల మీద అరచెయ్యి బోర్లించి, అడ్డం నిలువూ నింపుకున్నాడు. ఎప్పుడూ అంతే. జవాబు మీద చెయ్యి పెట్టనిదే పూరించడు. ఆ చెయ్యి చూస్తే ఇవాళ నాకు కంపరం పుట్టింది.

మార్చి 10, సోమవారం

ఎవరి టీ వాళ్లే పెట్టుకుంటున్నాం.

మార్చి 12, బుధవారం

కండక్టరుకి మందులిచ్చి కూర్చున్నాను. కేసు గురించి అడిగింది. చెప్పాను. నా ధోరణిలో చెప్పాను. పిండి, పొయ్యి, రొట్టె. మామూలు వాడికైనా ఇట్టే తట్టే సంగతిని దొంగలు ఎలా పట్టా చేయించుకున్నారో చెప్పాను.

మంచి శ్రోత. ప్రయాణికుల గోల విని విని అలవాటైన చెవులు. అంతా విని, దిండు సర్దుకుని అడిగింది:

"వదినా, ఒక్క మాట. అంత ఇట్టే తట్టేదైతే, ఎనిమిదేళ్లుగా నేను దగ్గుతున్నానే, ఒక్కడికీ ఎందుకు తట్టలేదు?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. చిల్లరెందుకు తగ్గిందని అడిగినట్టు.

నీళ్లు తెస్తానని లేచి వచ్చాను. నీళ్లు దాని పక్కనే ఉన్నాయి.

మార్చి 13, గురువారం

జవాబు దొరికింది. తట్టకపోవడం వేరు, తలుచుకోకపోవడం వేరు. ఈ జబ్బు వచ్చేవాళ్ల జేబులో ఏమీ ఉండదు గనక ఎవరూ తలుచుకోలేదు. బట్టతల మీద వెంట్రుకలు మొలిపించడానికి తగలేసిన బుర్రలో పదో వంతు ఇటు తిప్పి ఉంటే ఏనాడో తట్టేది. పందొమ్మిదేళ్లు రొట్టె కాలకపోవడానికి కారణం వంట రాకపోవడం కాదు, ఆకలేసినవాళ్ల మాట వంటింటికి వినపడకపోవడం. ఇది మార్కెట్టు చేసిన నేరం. ఆ నేరాన్నే మేధస్సుకి రుజువుగా చూపిస్తారా?

బాగుంది. ఇదే రాస్తాను.

కానీ మా ల్యాబు మార్కెట్టు కాదు. సర్కారుది. అక్కడ మేం తలుచుకున్నాం. రోజూ పొద్దున్న గౌను తొడుక్కునేటప్పుడు ఇదే తలుచుకునేవాళ్లం.

దీని గురించి ఇప్పుడు రాయను.

మార్చి 15, శనివారం

మాస్టారు పక్కన కూర్చుని, "ప్రశ్న నువ్వు రాయి" అన్నాను.

"ఏ ప్రశ్న?"

"ఆ ముగ్గుర్ని అడగాల్సిన ప్రశ్న. జవాబు తెలిసినవాళ్లు ప్రశ్న రాయకూడదు. నువ్వు పేటెంటు చదవలేదు. అఫిడవిట్ ఒక్కటే చూశావు. అదీ మర్చిపో."

గొప్పలు పోలేదు. అతనిలో నాకు నచ్చనిది కూడా అదే, గెలిచినప్పుడు గెలిచినట్టుండడు. చెల్లెలి గదిలోకి వెళ్లి, "నీ జబ్బుతో నీకు అసలు ఇబ్బందేమిటో చెప్పు, అది తప్ప ఇంకేం చెప్పకు" అన్నాడు. అది చెప్పింది, ఇతను రాశాడు:

"ఈ మందు వాడినన్నాళ్లూ జబ్బు తగ్గుతుంది. ఆపిన కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది. మళ్లీ రాకుండా చేసే మందుని వేల మందుల్లోంచి ఏరాలి. ఎలా ఏరుతారు?"

నిద్ర లేదు. మెలకువ లేదు. వాళ్లకి కనపడేది ఇంతే కదా, జబ్బు వస్తుంది, పోతుంది, వస్తుంది.

పాత ముగ్గురు పనికిరారు, నేనే వాళ్ల చెవిలో ఊదేశాను. ఇంకో ఐదుగురి ఫోను నంబర్లు వెతికి పట్టుకున్నాను. వీళ్లూ పేటెంటుకి ముందే ఈ రంగం వదిలినవాళ్లే.

మార్చి 18, మంగళవారం

డోసు పెంచి చూస్తానన్నాడొకడు. మందు ఎక్కువ రోజులు వేసి చూస్తానంది ఒకామె. రెండేసి మందులు కలిపి చూస్తామన్నవాళ్లు ఇద్దరు. నీళ్ల సరఫరా ఆఫీసులో ఉన్నాయన చాలాసేపు ఆలోచించి, "క్రిములు ఎక్కడో నక్కి ఉంటాయి మేడం" అన్నాడు. ఫోను చెవికి నొక్కుకున్నాను. "అయితే?" అన్నాను. "అయితే మైక్రోస్కోపులో వెతకాలి. శ్రమే."

నక్కి ఉంటాయన్నాడు కదా. సగం దూరం వచ్చినట్టే కదా. ఇంకాస్త టైమిస్తే... మళ్లీ ఫోన్ చేసి, "నక్కి ఏం చేస్తుంటాయంటారు?" అని అడిగితే...

అడగబోయాను. నంబరు కూడా నొక్కాను. మాస్టారు పేపరు మీద అరచెయ్యి గుర్తొచ్చి పెట్టేశాను.

ఐదుగురిలో ఒక్కరూ చెప్పలేదు.

మార్చి 19, బుధవారం

వకీలమ్మాయి ఆఫీసు. ఫైళ్ల మధ్య కుర్చీలు, కుర్చీల మీద ఫైళ్లు. తొమ్మిదో పేరా తీసెయ్యమన్నాను.

"మేడం, అందులో అబద్ధమేముంది? మీరు అడిగారు, వాళ్లు చెప్పారు."

"అడిగిన తీరులో ఉంది అబద్ధం. పోనీ రెండో ప్రశ్నా, ఆ ఐదుగురి జవాబులూ కూడా పెట్టు."

"పెడితే కేసు మూసేసి ఇంటికెళ్లడమే! అసలు రెండోసారి ఎవరు అడగమన్నారు మిమ్మల్ని? ఎల్లుండి దాఖలు చెయ్యాలి. ల్యాబు డైరెక్టరు రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తున్నాడు, పన్నెండు వేల మందులూ ఫ్రీజర్లో ఉన్నాయట. మీరేమో ధర్మసూక్ష్మం మాట్లాడుతున్నారు. మీరు మా సాక్షి, అది గుర్తుందా?"

"సాక్షినే. మీ సాక్షిని మాత్రం కాదు."

"ఈ వాక్యం మీ వ్యాసంలో వేసుకోండి, బాగుంటుంది."

ఆ అమ్మాయికి నా కూతురి వయసు. నా వ్యాసాలు చదివే లా చదివానని మొదటిరోజు చెప్పింది. తొమ్మిదో పేరా మీద అడ్డంగా గీత కొట్టింది. కాగితం చిరిగింది. పాత వ్యాసాలు రెండూ, పిండీ పొయ్యీ, మిగిలాయి.

"అడిగితే మటుకు దాచకండి. అడక్కపోతే ఎగబడి చెప్పకండి. ఆ మేలైనా చెయ్యండి."

సరేనన్నాను.

మార్చి 27, గురువారం

విచారణ గది చిన్నది. పైన తిరగని ఫ్యాను, ఎదర ముగ్గురు. మధ్యలో ఉన్న అధ్యక్షుడు జలుబుతో ఉన్నాడు.

కంపెనీ వకీలు మర్యాదస్తుడు. వీళ్లు మర్యాదగా ఉన్నప్పుడే భయపడాలి.

"మీరు ఆ క్రిమితో ఎన్నాళ్లు పనిచేశారమ్మా?"

"పదకొండేళ్లు."

"పిండీ పొయ్యీ అని ఈ వ్యాసాలు రెండూ చూపించారు. ఆ రోజుల్లో చదివారా?"

"రెండూ చదివాను."

"అంటే ఆ వంటింట్లోనే ఉన్నారు. జబ్బు ఎందుకు తిరగబెడుతోందని అప్పట్లో ఆలోచించేవారా?"

"రోజూ."

"ఈ పద్ధతి తట్టిందా?"

ఆయన గొంతు పెంచలేదు. వకీలమ్మాయి పెన్ను మూత పెడుతోంది, తీస్తోంది. నా దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. మా దగ్గర నిధుల్లేవు. అది నా విభాగం కాదు. ఇంకో ఏడాది ఉండి ఉంటే తట్టేది. మూడూ నాలుక చివరే ఉన్నాయి. మూడూ సగం నిజాలే.

"లేదు" అన్నాను. "నాకు తట్టలేదు. మా గదిలో ఎవరికీ తట్టలేదు. మెలకువగా ఉన్నవాటినే చంపుకుంటూ కూర్చున్నాం."

"ధన్యవాదాలు."

"నేను ఇంకా..."

"ప్రశ్నకి జవాబు వచ్చిందమ్మా."

"జవాబే చెబుతున్నాను. నాకు తట్టనిది వీళ్లకి తట్టింది, మంచిదే. తట్టినవాడు దాంతో ఏం చేశాడో కూడా అడగండి! అటక మీద..."

అధ్యక్షుడు ముక్కు తుడుచుకుని, "ఇది ఉపన్యాస వేదిక కాదండీ" అన్నాడు. ఎవరో నవ్వారు.

ముగింపు వాదనలో కంపెనీ వకీలు ఇక లేచి నిలబడి గొంతు విప్పాడు. ఈ పద్ధతి లేక పందొమ్మిదేళ్లు రోగులు అల్లాడిపోయారట. ప్రపంచంలో ఇంతకంటే అవసరమైన జల్లెడ లేదట. అంత అవసరమైనా ఒక్కరికీ తట్టలేదంటే ఇది ఎంత గొప్ప బుద్ధో చూడండట. కండక్టరు మాటే. దాన్ని ఆయన నోట వినాల్సొచ్చింది.

బయటికొచ్చాక వకీలమ్మాయి ఆటో పిలుచుకుని వెళ్లిపోయింది. నన్ను ఎక్కమనలేదు.

మార్చి 28, శుక్రవారం

ఇరవై ఏళ్లుగా పేపర్లలో ఒకే వాదన చేశాను: ఇందులో కొత్తేముంది, కాబట్టి ఇది మీది కాదు. కొత్తది నిజంగా ఎదురైతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. నా జల్లెడలోంచి అది జారిపోయేది.

ఏప్రిల్ 15, మంగళవారం

ఓడాం. పేటెంటు చెల్లుతుందని ఉత్తర్వు. ల్యాబు డైరెక్టరు ఫోన్ చేసి, "మీరు ఆ ఒక్క ముక్కా అనకుండా ఉంటే..." అని ఆగాడు. తర్వాత, "పరీక్ష ప్లేట్లన్నీ ఆపేశాం" అన్నాడు. ఆ మాట అతను కోపంగా చెప్పినా బాగుండేది.

కండక్టరుకి నేనే చెప్పాను. ఇంకెవరో చెప్పకూడదు. చేతిలో మాత్రల డబ్బాకి మూత పెట్టి అడిగింది:

"నేను అడిగిన మాటవల్లే ఓడామా వదినా?"

"నువ్వు అడగకపోయినా అది నిజమే."

"నిజం సరే. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు, నిజాన్ని నీళ్లతో మింగమంటావా?"

ఇది మాత్రం ఎత్తిపొడుపే. పడ్డాను. మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఏప్రిల్ 17, గురువారం

వకీలమ్మాయి చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"మేడం, ఉత్తర్వు పద్నాలుగో పేజీ చదివారా?"

"ఓడిన కాగితం ఎన్నిసార్లు చదవను?"

"నేను నాలుగుసార్లు చదివాను, మీమీద కోపంతో. వినండి. 'ఈ పద్ధతి లేక రోగులు పందొమ్మిదేళ్లు బాధపడ్డారనీ, ఇంతకంటే అవసరమైన పద్ధతి లేదనీ పేటెంటుదారే స్వయంగా నిరూపించాడు.' సొంత నోటితో చెప్పి, ఉత్తర్వులోకి ఎక్కించుకున్నారు. అంత అవసరమైనదాన్ని ఐదేళ్లుగా ఎవరికీ అందనివ్వలేదు. అలా అటకెక్కిస్తే సర్కారే బలవంతంగా వేరేవాళ్లకి లైసెన్సు ఇప్పించొచ్చని చట్టంలో ఉంది. ఈ వాదన మనం ముందే చేసి ఉంటే, ఏం అవసరం, ఇది మామూలు సంగతేనని మీరే అన్నారు కదా అని కొట్టేసేవాళ్లు. ఇప్పుడు అనలేరు."

"గెలుస్తామా?"

"ఏమో. ఏడాది పట్టొచ్చు. కంపెనీ పోట్లాడుతుంది." అప్పుడు చెప్పులు విప్పింది. "మీమీద కోపం పోలేదు, అది వేరే సంగతి."

"ఉండనీ. పనికొస్తుంది."

ముందు గదిలోంచి కండక్టరు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని వచ్చింది. అంతా విన్నట్టుంది. అర్జీదారుగా ఒక రోగి ఉండాలని వకీలమ్మాయి అంటే, "నేనే" అంది. ఏడాది పడుతుందే అంటే, "నా బస్సుకంటే ముందే వస్తుందిలే" అంది.

బల్ల దగ్గర కూర్చుని అర్జీ మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ల అలవాటు, 'ఇందులో కొత్తేమీ లేదు' అని చెయ్యి దానంతటదే రాయబోయింది. ఆపి, ఇలా రాశాను: ఇది ఎవరికీ తట్టని గొప్ప సంగతి. అందుకే దీన్ని దాచుకునే హక్కు ఎవరికీ లేదు.

కండక్టరు భుజం మీదుగా వంగి చదివింది.

"ఈసారి ప్రశ్న ఎవరు రాశారు వదినా?"

"నువ్వే, ఒక్కడికీ ఎందుకు తట్టలేదని అడిగిన రోజే" అని పెన్ను దాని చేతికిచ్చాను. సంతకం చేస్తుండగా దగ్గు తెర వచ్చింది. మాస్టారు వచ్చి కాగితం కదలకుండా అరచెయ్యి బోర్లించి పట్టుకున్నాడు. దగ్గు ఆగాక, మిగిలిన సగం సంతకం పూర్తి చేసింది.